పసుపు కార్డు కాపాడేది ఎవరిని?

కెన్యాకో ఉగాండాకో నైజీరియాకో ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్లు వీసా, టికెట్ల పని కాగానే వాకబు చేసేది ఎల్లో ఫీవర్ టీకా గురించి. హైదరాబాదులో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు వెళ్లి సూది వేయించుకుని, ముద్ర కొట్టిన పసుపు కార్డు పాస్‌పోర్టులో పెట్టుకుంటే ఆరోగ్యం పని అయిపోయినట్టే లెక్క. ఆ కార్డు లేకపోతే విమానాశ్రయంలో ఆపేస్తారన్న భయం ఉంది కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎవరూ అశ్రద్ధ చేయరు. అదే ప్రయాణంలో ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఇంకా ఎక్కువగా ఉన్న మలేరియాకు కార్డు లేదు, ముద్ర లేదు, అడిగే అధికారి లేడు. అందుకే దాని గురించి ఆలోచన కూడా రాదు. ఉష్ణదేశాల ప్రయాణంలో మనవాళ్లు చేసే పొరపాటంతా ఇక్కడే మొదలవుతుంది. అధికారులు అడిగేదీ, మనకు నిజంగా అవసరమైనదీ ఒకటేనని అనుకుంటాం. దానికి తోడు మనమూ ఎండలో, దోమల్లో పుట్టి పెరిగినవాళ్లమే, మనకేమవుతుందన్న ధీమా. ఈ రెండూ ఎందుకు తప్పో చూద్దాం.

ముందు పసుపు కార్డు సంగతి. ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉన్న వైరస్ జబ్బు. జ్వరం, ఒళ్లునొప్పులతో మొదలై చాలామందిలో మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కామెర్లు వస్తాయి, రక్తస్రావం అవుతుంది. ఆ దశకు చేరినవారిలో సగం మంది దాకా చనిపోతారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. పట్టణాల్లో ఈ వైరస్‌ను మోసేది ఈడిస్ ఈజిప్టై దోమ. మనకు డెంగీని అంటించే దోమ కూడా అదే. హైదరాబాదు పూలకుండీల్లోనూ విజయవాడ కూలర్లలోనూ గుడ్లు పెట్టే ఆ దోమ మన దగ్గర కోట్లలో ఉంది. వైరస్ మాత్రం ఇంతవరకూ ఆసియాలో స్థిరపడలేదు. ఎందుకు స్థిరపడలేదో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేకపోయారు. డెంగీ వల్ల మన ఒంట్లో ఏర్పడ్డ రక్షణ కొంత అడ్డుపడుతూ ఉండవచ్చన్నది ఒక ఊహ. కారణం తెలియని అదృష్టం మీద దేశం ఆధారపడలేదు కదా. అందుకే ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి టీకా ధ్రువపత్రం లేకుండా దిగినవారిని ఆరు రోజుల దాకా విడిగా ఉంచే నిబంధన మన దేశంలో ఉంది. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఆ ఆరు రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చింది. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లడానికి కారణం కూడా అలాంటిదే. రక్షణ తయారుకావడానికి ఒంటికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఈ భయం కాగితాలకు పరిమితమైనది కాదని 2016లో తెలిసివచ్చింది. అంగోలాలో ఎల్లో ఫీవర్ విజృంభించినప్పుడు అక్కడ పనిచేస్తున్న చైనా కార్మికులు కొందరు జబ్బుతో స్వదేశానికి తిరిగివచ్చారు. చైనాలో 11 కేసులు తేలాయి. ఆసియా గడ్డ మీద ఎల్లో ఫీవర్‌ను పరీక్షల్లో నిర్ధారించడం అదే మొదటిసారి. అదే ఏడాది టీకాల నిల్వలు చాలక కాంగో రాజధాని కిన్షాసాలో ఒక్కొక్కరికి పూర్తి మోతాదులో అయిదో వంతు చొప్పున వేసి లక్షలాది మందిని కాపాడవలసి వచ్చింది. కార్మికులు వెళ్లిన దారినే వైరస్ తిరిగివస్తుందని ఆ సంఘటన రుజువు చేసింది. మన విమానాశ్రయంలో పసుపు కార్డు చూసేవారు ముందుగా కాపాడుతున్నది ప్రయాణికుణ్ణి కాదు, అతను దిగబోయే ఊరిని.

అలాగని టీకా వేయించుకున్నవాడికి ప్రయోజనం లేదని కాదు. మాక్స్ థైలర్ బృందం 1937లో తయారుచేసిన 17డి అనే బలహీనపరిచిన వైరసే నేటికీ ఈ టీకాలో ఉన్నది. ఆయనకు 1951లో నోబెల్ వచ్చింది కూడా ఈ పనికే. ఒక్క సూదితో వచ్చే రక్షణ జీవితాంతం ఉంటుందని తేలాక, 2016 జూలై నుంచి కార్డు గడువును పదేళ్ల నుంచి జీవితకాలానికి మార్చారు. అయితే ఇది సజీవ వైరస్ టీకా. అందరికీ పడదు. ఆరు నెలల లోపు పసికందులకు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారికి, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారికి వేయరు. గర్భిణులకు తప్పనిసరైతే తప్ప వేయరు. 60 దాటి మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావం, చాలా అరుదే అయినా, మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కొడుకు ఉద్యోగం చేస్తున్న దేశం చూడటానికి బయల్దేరే అమ్మానాన్నలకు ఈ సంగతి చాలా ముఖ్యం. జబ్బు లేని నగరానికి వెళ్తూ, కేవలం ముద్ర కోసం డెబ్బై ఏళ్ల వయసులో ఈ టీకా వేయించుకోవాలా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న. వైద్య కారణాలతో మినహాయింపు రాసిచ్చే వీలు అంతర్జాతీయ నిబంధనల్లో ఉంది. ఆ మినహాయింపును ఒప్పుకునేదీ లేనిదీ దిగే దేశం ఇష్టం కాబట్టి ముందే కనుక్కోవాలి.

ఇక ఎవరూ అడగని మలేరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా దాదాపు 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చింది, 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. ఈ మరణాల్లో నూటికి 95 ఆఫ్రికాలోనే. కేసుల్లో నాలుగో వంతు ఒక్క నైజీరియాలోనే. అక్కడి మలేరియా దాదాపు అంతా ఫాల్సిపారం రకం. ఈ పరాన్నజీవి చేరిన ఎర్రరక్తకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని మెదడుకు, మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. జ్వరం మొదలైన 24 గంటల్లో మందు పడకపోతే పరిస్థితి విషమించవచ్చు. దీనికీ ఎల్లో ఫీవర్‌కూ మధ్య తేడా ఆలోచించండి. టీకా వేయించుకున్నవాడికి ఎల్లో ఫీవర్ దాదాపు లేనట్టే. మలేరియాకైతే మనలాంటి ప్రయాణికుల కోసం టీకాయే లేదు. 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు పొందిన మాట నిజమే. రెండోదాన్ని తయారుచేస్తున్నది మన పుణెలోని సీరం సంస్థే. కానీ అవి మలేరియా నిత్యం ఉండే చోట పుట్టిన చిన్నపిల్లల కోసం ఉద్దేశించినవి. వారం పది రోజులు చూసివచ్చేవారికైనా, రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లేవారికైనా దిక్కు మాత్రలూ దోమతెరే.

ఇక్కడే వినిపిస్తుంది మన వాదన: "మలేరియా మనకు కొత్తా ఏమిటి?" కొత్త కాదు, నిజమే. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాదులోనే. కానీ జబ్బుతో ఊరికి ఉన్న పరిచయం మనిషి రక్తంలోకి దిగదు. మలేరియాకు మన శరీరం సంపాదించుకునే రక్షణ చాలా అరకొరది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సోకుతూ ఉంటేనే అది నిలుస్తుంది. సోకడం ఆగితే కొంతకాలానికి కరిగిపోతుంది. ఈ తరంలో మాదాపూర్‌లోనో గుంటూరులోనో పెరిగిన యువకుడికి జీవితంలో ఒక్కసారి కూడా మలేరియా వచ్చి ఉండకపోవచ్చు. మన దేశంలో మలేరియా గత రెండు దశాబ్దాల్లో బాగా తగ్గింది. తెలుగునాట అది ఇప్పుడు ప్రధానంగా మన్యం ప్రాంతాల సమస్య. వచ్చినా అందులో గణనీయమైన భాగం వైవాక్స్ రకం. అది బాధపెడుతుంది గానీ ఫాల్సిపారం అంతగా ప్రాణాలు తీయదు. కాబట్టి కంపాలాలో దిగిన హైదరాబాదీకి ఫాల్సిపారం ముందు ఉన్న రక్షణ స్వీడన్ నుంచి వచ్చిన పర్యాటకుడికి ఉన్నదానికంటే ఏమంత ఎక్కువ కాదు. ఒక్క తేడా ఉంది. స్వీడన్‌వాడికి భయం ఉంటుంది కాబట్టి మాత్రలు తెచ్చుకుంటాడు.

"అక్కడివాళ్లు ఏ మాత్రా వేసుకోకుండానే బతుకుతున్నారు కదా" అన్నది రెండో వాదన. బతికినవాళ్లను చూసి చెప్పే మాట ఇది. ఆఫ్రికాలో మలేరియా మరణాల్లో నాలుగింట మూడు వంతులు అయిదేళ్ల లోపు పిల్లలవే. మనం అక్కడ చూసే పెద్దవాళ్ల తట్టుకునే శక్తి వెనుక ఆ పసిప్రాణాల లెక్క ఉంది. ఆ శక్తి కూడా శాశ్వతం కాదు. ఆఫ్రికా నుంచి వెళ్లి బ్రిటన్‌లో స్థిరపడినవారు సెలవులకు సొంత ఊరు వెళ్లి రావడమే అక్కడి మలేరియా కేసుల్లో ఏటా పెద్ద వాటాకు కారణమవుతోంది. వారిలో అత్యధికులు మాత్రలు వేసుకోనివారే. పుట్టిన ఊరికి వెళ్తున్నామన్న ధీమా వారికి జబ్బు తెచ్చిపెడుతోంది. సొంత ఊరే కాపాడనప్పుడు, మనదీ వేడిదేశమే కదా అన్న పోలిక మనల్ని ఏం కాపాడుతుంది?

పాత పరిచయం కాపాడకపోగా హాని చేసే సందర్భం కూడా ఉంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవారికి ఆ రకం నుంచి చిరకాల రక్షణ దొరుకుతుంది. ఇంకో రకం సోకితే మాత్రం మొదటిసారి తయారైన ప్రతిరక్షకాలే కొత్త వైరస్‌ను కణాల్లోకి చేరవేసి జబ్బును తీవ్రం చేయవచ్చు. డెంగీ మొదటి టీకా విషయంలో ఇదే ఎదురుదెబ్బ తగిలింది. అంతకుముందు డెంగీ రాని పిల్లలకు ఆ టీకా మొదటి సోకుడులా పనిచేసి, తర్వాత వచ్చే జబ్బును తీవ్రం చేయగలదని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. ఫిలిప్పీన్స్ బడిపిల్లల టీకా కార్యక్రమాన్ని ఆపేయవలసి వచ్చింది. మన నగరాల్లో డెంగీ వచ్చి తగ్గినవారు లక్షల్లో ఉన్నారు. వారు ఇంకో ఉష్ణదేశానికి వెళ్తున్నారంటే వారికి దోమకాటు ఇంకొంచెం ప్రమాదకరమని అర్థం. హెపటైటిస్-ఎ కథ మరో రకం. ఒక తరం క్రితం మనవాళ్లలో దాదాపు అందరికీ అది పసితనంలోనే తెలియకుండా వచ్చిపోయేది, జీవితాంతం రక్షణ మిగిలేది. శుద్ధిచేసిన నీళ్లు తాగి పెరిగిన ఇప్పటి మధ్యతరగతి పిల్లలకు అది సోకకుండానే పాతికేళ్లు వస్తున్నాయి. పెద్దవయసులో వస్తే అది నెలల తరబడి మంచాన పడేస్తుంది. 2024లో కేరళలో పెద్దవాళ్లలో కూడా హెపటైటిస్-ఎ చెలరేగడం చూస్తే ఆ మార్పు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. మన జీవితం మెరుగుపడే కొద్దీ "మనకు అలవాటే" అన్న మాటకు బలం తగ్గుతోంది.

మాత్రల దగ్గరికి వస్తే, వాటి మీద ఉన్న అనుమానాల్లో చాలా భాగం అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే తీరిపోతాయి. దోమ కుట్టాక ఫాల్సిపారం ముందు కాలేయంలో దాదాపు ఒక వారం దాగి పెరుగుతుంది, తర్వాత రక్తంలోకి దూకుతుంది. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్ర దాన్ని కాలేయంలోనే చంపగలదు. అందుకే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ వేసుకుని, తిరిగివచ్చాక ఏడు రోజులకు ఆపేస్తే సరిపోతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ప్రధానంగా రక్తంలోకి దిగినదాని మీదే పనిచేస్తాయి. కాలేయంలో మిగిలినదంతా బయటికి వచ్చేదాకా కాపు కాయాలి కాబట్టి ఇంటికి వచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఇల్లు చేరాం కదా అని మధ్యలో ఆపేయడం వల్లే మాత్రలు వాడినవారికి కూడా మలేరియా వచ్చిందన్న మాట పుడుతుంది. మనకు బాగా తెలిసిన క్లోరోక్విన్ ఆఫ్రికా ఫాల్సిపారం మీద ఇప్పుడు పనిచేయదు, దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు. దుష్ప్రభావాలు లేవా అంటే ఉన్నాయి. డాక్సీసైక్లిన్ వేసుకున్నవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది ఇవ్వరు. మెఫ్లోక్విన్ కొందరిలో పీడకలలు, ఆందోళన తెస్తుంది, మానసిక సమస్యలు ఉన్నవారికి అది పనికిరాదు. ఒకటి పడనివారికి ఇంకొకటి ఉంది కాబట్టే డాక్టరుతో మాట్లాడి ఎంచుకోవాలి. పది రోజులు ఎండకు కమిలిన చర్మాన్నీ, మెదడుకు పాకిన మలేరియానూ ఒకే త్రాసులో వేసి చూస్తే ఏది బరువో చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి ఉండే ఉద్యోగి మాత్రం అన్నాళ్లూ మాత్రలు వేసుకోగలడా అని అడగడం న్యాయమే. ఉన్న ఊరు, వానాకాలం, దగ్గరలో పరీక్ష సౌకర్యం చూసుకుని ఆ నిర్ణయం డాక్టరుతో కలిసి చేయాలి. నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మలేరియా భయం తక్కువ. అదే దేశంలోని మొంబాసాలో, విక్టోరియా సరస్సు తీరంలో ఎక్కువ. అందుకే ఏ దేశం వెళ్తున్నారో చెబితే చాలదు, ఏ ఊరో, ఎన్నాళ్లో, ఏ నెలలోనో డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు మలేరియా తల్లికీ బిడ్డకూ ప్రమాదం కాబట్టి వాయిదా వేయగల ప్రయాణం వాయిదా వేయడమే మేలు.

మాత్ర ఎంత మంచిదైనా దోమను కుట్టనివ్వకపోవడమే అసలు రక్షణ. మలేరియాను మోసే అనాఫిలిస్ చీకటి పడ్డాక, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక కుడుతుంది. డెంగీ, ఎల్లో ఫీవర్‌ను మోసే ఈడిస్ పగలు కుడుతుంది. ఒకదాని కోసం రాత్రి తెర కట్టుకుంటే రెండోదాని నుంచి రక్షణ ఉండదు. మందు పూసిన దోమతెర రాత్రికి, నిండు చేతుల దుస్తులూ ఒంటికి పూసే మందూ పగటికి కావాలి. ఆ మందులో 20 నుంచి 50 శాతం డీట్ గానీ, దానికి సాటి అయిన పికారిడిన్ గానీ ఉండాలి. ఎండ తగలకుండా పూసే క్రీము కూడా వాడేవారు ముందు అది పూసి, ఆరాక దోమల మందు పూయాలి. మన ఇళ్లలో వెలిగించే కాయిల్ వీటికి బదులు కాదు.

మిగతా టీకాల్లో ఏది ఎవరికన్నది ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారికి మెనింజైటిస్ టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసింది. 2000లో హజ్ యాత్రికులతో ఆ జబ్బు అనేక దేశాలకు పాకిన అనుభవమే, ఏసీడబ్ల్యూవై అనే నాలుగు రకాలకూ రక్షణ ఇచ్చే టీకా అడగడానికి కారణం. తెలంగాణ, ఆంధ్ర నుంచి వెళ్లే యాత్రికులకు అది ముద్ర పడే టీకా. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న దేశాల్లో అదే జబ్బు డిసెంబరు నుంచి జూన్ దాకా పొడి కాలంలో చెలరేగుతుంది, అక్కడికి వెళ్లే ఉద్యోగిని మాత్రం ఎవరూ అడగరు. టైఫాయిడ్‌కు హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కాంజుగేట్ టీకా ఉంది. పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాదులో 2016 చివర్లో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని టైఫాయిడ్ మొదలైనప్పుడు అక్కడి పిల్లలకు వేసినది ఈ టీకానే. మందులకు లొంగని జబ్బులు పెరుగుతున్న కాలంలో, వస్తే మందు వేసుకుందాంలే అన్న పాత లెక్క నిలవదు. మారుమూల ప్రాంతాలకు వెళ్లేవారికి కుక్కకాటు సూదులు ముందే వేయించుకోవడం మేలు. కాటు తర్వాత ఇవ్వవలసిన ఇమ్యునోగ్లోబులిన్ అక్కడ దొరకడం కష్టం. ముందే రెండు సూదులు వేయించుకున్నవారికి దాని అవసరం ఉండదు, కాటు తర్వాత మళ్లీ రెండు సూదులతో సరిపోతుంది. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉంచుకోవాలి. ఇవన్నీ ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే మొదలుపెట్టాలి.

జబ్బుతో ఊరికి ఉన్న పరిచయం మనిషికి రక్షణ కాదన్న తర్కం ఎదురుదిశలో కూడా పనిచేస్తుంది. అమెరికా, బ్రిటన్‌లలో నమోదయ్యే టైఫాయిడ్‌లో చాలా భాగం ప్రయాణాల్లో అంటుకున్నదే, అందులో బంధువుల ఇళ్లకు భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వచ్చిపోయేవారు ముఖ్యులు. డాలస్‌లో పుట్టిన మనవడు రాజమండ్రిలో తాతగారింటికి వస్తున్నాడంటే వాడి ఒంటికి అది కొత్త దేశమే. అందుకే అక్కడి డాక్టర్లు ఇండియా ప్రయాణానికి టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు చెబుతారు. ఆరు నెలలు నిండిన పసివాడికి మీజిల్స్ టీకా కూడా అసలు వయసు కంటే ముందే ఒక మోతాదు వేయమంటారు. "మన ఊరు వెళ్లడానికి కూడా సూదులేమిటి" అని నొచ్చుకునే నానమ్మకు ఇది ఊరి మీద తీర్పులా అనిపించవచ్చు. ఆ సూది చూసేది ఊరి గౌరవాన్ని కాదు, పిల్లవాడి రక్తంలో ఏ రక్షణ ఉందో లేదో అన్నదాన్ని.

చివరి జాగ్రత్త తిరిగివచ్చాకే మొదలవుతుంది, అన్నింటికంటే ఎక్కువ మంది మరిచిపోయేది కూడా అదే. ఫాల్సిపారం సాధారణంగా కుట్టిన వారం నుంచి నెలలోపు బయటపడుతుంది, కొందరిలో మూడు నెలల దాకా పట్టవచ్చు. అప్పటికి ప్రయాణికుడు హైదరాబాదులో ఉంటాడు, జ్వరం వస్తే అందరికీ ముందు తోచేది డెంగీ, టైఫాయిడ్ లేదా వైరల్ జ్వరం. ఆఫ్రికా వెళ్లివచ్చానన్న ఒక్క మాట చెప్పకపోతే పరీక్ష దారి తప్పుతుంది. ఆ మూడు నెలల్లో వచ్చే ఏ జ్వరాన్నయినా మలేరియా కాదని తేలేదాకా మలేరియాగానే చూడాలి. ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి, మొదటిసారి ఏమీ కనబడకపోతే 12 నుంచి 24 గంటల వ్యవధిలో మళ్లీ చేయించాలి. సమయానికి తెలిస్తే చైనా శాస్త్రవేత్త తు యూయూ కనిపెట్టిన ఆర్టెమిసినిన్ నుంచి వచ్చిన మందులు చాలామందిని బయటపడేస్తాయి. ప్రయాణికుల ప్రాణం తీసేది మందు లేకపోవడం కంటే ఆలస్యమే.

కాబట్టి పసుపు కార్డు తప్పకుండా తీసుకోండి. అది మీ ఊరికి మీరు చేసే మేలు. దానితోపాటు విమానాశ్రయంలో ఎవరూ అడగని మూడు ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. వెళ్లే ఊరిలో ఏ జబ్బులున్నాయి, వాటికి నా ఒంట్లో రక్షణ ఉందని ఏ ఆధారంతో అనుకుంటున్నాను, జ్వరం వస్తే మొదటి రోజు ఏం చేస్తాను? రెండో ప్రశ్నకు "మనకు అలవాటే" అన్న జవాబు తప్ప ఇంకేమీ దొరకకపోతే, టికెట్ కొన్న వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన అవసరం ఉన్నట్టే.